ఎమ్మెల్యే సార్‌కు మా బడి మాట: హైదరాబాద్‌లో చిన్నపిల్లలకు ఏ దారి పనికొస్తుంది

రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లలు తమ బడి గురించి ఎమ్మెల్యేకో ఎమ్మెల్సీకో నేరుగా చెప్పుకోవాలంటే హైదరాబాద్‌లో ఐదు దారులున్నాయి. క్యాంపు ఆఫీసుకు వెళ్లడం ఒకటి. ప్రజావాణిలో అర్జీ ఇవ్వడం, అసెంబ్లీ చూడడానికి వెళ్లినప్పుడు అక్కడే కలవడం, బడిలో మాక్ అసెంబ్లీ పెట్టి ముఖ్య అతిథిగా పిలవడం మరో మూడు. ఏ హంగూ లేకుండా ఎమ్మెల్యేను తరగతి గదికే రప్పించడం ఐదోది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు నిజంగా పనికొచ్చేది ఈ చివరిదే. దానికి 5కి నాలుగున్నర ఇవ్వొచ్చు. తగ్గిన ఆ అర మార్కు తేదీ ఖరారు కావడంలో ఉండే తిప్పలకు.

ముందుగా ప్రజావాణి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకు మొదట తట్టేది అదే. బేగంపేటలోని మహాత్మా జ్యోతిబా ఫూలే ప్రజాభవన్‌లో 2023 డిసెంబరు నుంచి మంగళ, శుక్రవారాల్లో అర్జీలు తీసుకుంటున్నారు. కలెక్టరేట్‌లో అయితే సోమవారం. పెద్దవాళ్లకు ఇది మంచి సౌకర్యం. కాగితం నమోదవుతుంది, చేతికి ఒక నంబరు వస్తుంది, ఆ నంబరు పట్టుకుని మళ్లీ అడగొచ్చు. పిల్లల విషయంలో మూడు చిక్కులున్నాయి. ఈ మూడు రోజులూ బడి నడిచే రోజులే. లైనులో గంటల తరబడి నిలబడాల్సి రావచ్చు, పొద్దున తొమ్మిదింటికి హుషారుగా ఉన్న పిల్ల పదకొండింటికల్లా డీలా పడిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ అర్జీ తీసుకునేది మామూలుగా అధికారులు, మనం మాట వినిపించాలనుకున్న ప్రజాప్రతినిధి కాదు. కాబట్టి పిల్లలు రాసిన ఉత్తరాన్ని పెద్దవాళ్లు తీసుకెళ్లి ఇచ్చి నంబరు తెచ్చుకోవడానికి ప్రజావాణికి 5కి 4. పిల్లల్ని వెంటేసుకుని వెళ్లడానికి 1.

క్యాంపు ఆఫీసుకు పొద్దున్నే వెళ్తే ఎమ్మెల్యే దొరుకుతారు, కానీ అక్కడ ఒక్కో బృందానికి దక్కేది రెండు మూడు నిమిషాలే. పింఛను కోసం వచ్చినవాళ్లు, ఆసుపత్రి సాయం కోసం వచ్చినవాళ్లు చుట్టూ ఉంటారు. ఆ గుంపులో పిల్లలకు నోరు పెగలదు. దండ వేయడం, ఫొటో దిగడం, అర్జీ పీఏ చేతిలో పెట్టడం, అంతటితో అయిపోతుంది. ఎమ్మెల్యేను బడికి పిలవడానికి తేదీ అడిగే చోటుగా మాత్రం క్యాంపు ఆఫీసును మించింది లేదు. ఆ పనికి ఇద్దరు పెద్దవాళ్లు వెళ్తే చాలు.

అసెంబ్లీ సందర్శన పిల్లలకు మంచి అనుభవమే. పబ్లిక్ గార్డెన్స్ పక్కన 1913లో పూర్తయిన ఆ తెల్లటి పాత భవనం చూస్తేనే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. ప్రశ్నోత్తరాల సమయానికి గ్యాలరీలో కూర్చోగలిగితే, తమ ఎమ్మెల్యే లేచి మంత్రిని ప్రశ్న అడగొచ్చని కళ్లారా చూస్తారు. తర్వాత తరగతిలో 'మీరు మా కోసం సభలో ఏం అడుగుతారు?' అని ఎమ్మెల్యేను నిలదీయడానికి అది మంచి పునాది. కానీ గ్యాలరీలో కూర్చున్నవాళ్లు నోరు మెదపకూడదు. పాసులు ఎమ్మెల్యే ద్వారా తెచ్చుకోవాలి, చిన్నపిల్లల్ని అనుమతిస్తారా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. నాలుగు, ఐదు తరగతులవాళ్లకు సరే, అంతకన్నా చిన్నవాళ్లకు వద్దు.

మాక్ అసెంబ్లీ గురించి ఒక్క మాట. పిల్లల రోజుకి బడుల్లో స్వపరిపాలన దినం ఎలాగూ జరుపుతారు. ఒకరు హెడ్మాస్టర్, ఒకరు కలెక్టర్, ఒకరు ముఖ్యమంత్రి అవుతారు. స్పీకర్ అంటే ఎవరు, ప్రతిపక్షం ఏం చేస్తుంది అన్నది పిల్లలకు దీనితో బాగా ఎక్కుతుంది. తేడా కొట్టేది పాత్రల పంపకంలో. బాగా మాట్లాడే ఆ నలుగురైదుగురే ప్రతి ఏడాదీ నిలబడతారు, టీచరు రాసిచ్చిన డైలాగులు అప్పజెపుతారు. నిజం ఎమ్మెల్యే వేదిక మీద కూర్చుని చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. బడిలో నల్లా చెడిపోయిందన్న సంగతి ఆయన చెవిన పడదు. నగరంలో వీధికొకటిగా వెలసిన పబ్లిక్ స్పీకింగ్ క్లాసులదీ ఇదే జబ్బు. చేతులు ఎలా తిప్పాలి, గొంతు ఎక్కడ పెంచాలి అన్నది నేర్పుతారు. చెప్పాల్సిన సంగతి ఎలా సేకరించాలో నేర్పరు. ఈ పని కోసమైతే డబ్బు కట్టి వాటిలో చేర్పించాల్సిన అవసరం లేదు.

ఇక అసలు దారి. ఎమ్మెల్యే తరగతి గదికి రావడం, పిల్లలు తమ చోటులో తాము కూర్చుని మాట్లాడడం, 40 నిమిషాల్లో అంటే ఒక్క పీరియడులో ముగించడం.

ఎవర్ని పిలవాలి అన్నది తేల్చుకోవాలి ముందు. పిల్లల ఇల్లు ఏ నియోజకవర్గంలో ఉందన్నది కాదు, బడి ఎక్కడుందన్నది లెక్క. తెలంగాణలోని 119 స్థానాల్లో హైదరాబాద్ జిల్లాకు 15 ఉన్నాయి. నగరం మాత్రం అంతకు మించి పాకింది. శేరిలింగంపల్లి రంగారెడ్డి జిల్లాలో, కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. సర్కారు బడి అయితే వెతుక్కోనక్కర్లేదు, పోలింగ్ కేంద్రం నంబరుతో పాటు నియోజకవర్గం పేరు చాలా బడుల గోడ మీదే రాసి ఉంటుంది. టీచర్ల కొరత గురించి అడగాలనుకుంటే ఎమ్మెల్సీని కూడా పిలవండి. మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్‌కు ఉపాధ్యాయ నియోజకవర్గం ఉంది, అక్కడ ఓటేసేది టీచర్లే కాబట్టి ఆ సభ్యులకు ఈ విషయం కరతలామలకం.

తేదీకి అనువైన కాలాలు రెండు. జూన్‌లో బడిబాట జరిగే రోజుల్లో ప్రజాప్రతినిధులు ఎలాగూ బడులకు వస్తారు, రిబ్బను కత్తిరించాక ఒక్క పీరియడు ఇవ్వమంటే కాదనరు. రెండోది, అసెంబ్లీ సమావేశాలకు మూడు నాలుగు వారాల ముందు. అప్పుడు విన్నది ప్రశ్నగా మార్చి సభలో వేయడానికి వ్యవధి ఉంటుంది. సమావేశాలు నడుస్తుండగా పిలిస్తే రారు, వచ్చినా తొందరలో ఉంటారు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు అసలు పిలవొద్దు. ఆ రోజుల్లో ఏ పనీ మంజూరు చేస్తామని చెప్పకూడదు. పైగా ప్రచారంలో పిల్లల్ని ఏ రూపంలోనూ వాడుకోవద్దని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో పార్టీలకు గట్టిగా చెప్పింది. పిల్లలతో ఎమ్మెల్యే దిగిన ఫొటో అప్పుడు వేరే అర్థానికి దారితీస్తుంది.

సర్కారు బడి అయితే ఉత్తరం హెడ్మాస్టర్ ద్వారానే వెళ్లాలి, డీఈఓ ఆఫీసుకు ముందే తెలియాలి. దీన్ని లాంఛనం అనుకుని వదిలేస్తే తర్వాత మెమో వచ్చేది టీచరుకే. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉన్న బడిలో ఆ కమిటీ అధ్యక్షురాలిని కూడా కూర్చోబెట్టండి. చిన్న మరమ్మతులు ఆమె చేతిలోనే ఉంటాయి, సగం సమస్యలు అక్కడికక్కడే తేలిపోతాయి.

పిల్లల్ని తయారు చేయడానికి మూడు పీరియడ్లు చాలు, వారానికొకటి చొప్పున. మొదటి దానిలో బడి పటం గీయించాలి. పెద్ద చార్టు మీద గదులు, నల్లాలు, మరుగుదొడ్లు, గేటు, ఆడుకునే చోటు అన్నీ వేశాక, ఇష్టమైన చోట ఆకుపచ్చ బొట్టు, భయమో ఇబ్బందో ఉన్న చోట ఎర్ర బొట్టు పెట్టమనాలి. ఎర్ర బొట్లు కుప్పగా పడిన రెండు చోట్లే మీ విషయాలు. పిల్లలు నోటితో చెప్పని సంగతులు ఇందులో బయటపడతాయి. మరుగుదొడ్డి గురించి ఎనిమిదేళ్ల ఆడపిల్ల నలుగురిలో మాట్లాడదు, బొట్టు మాత్రం పెడుతుంది.

రెండో పీరియడు లెక్కలకు. ఒక్కో విషయానికి ఐదారుగురు పిల్లలు. నల్లాలను ఒక్కసారి లెక్కపెడితే సరిపోదు. పొద్దున పదింటికి ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి చూడాలి. పొద్దున నీళ్లొచ్చే నల్లా మధ్యాహ్నానికి ఎండిపోతుంది, ఎందుకంటే పళ్లేలు కడిగేసరికి పైట్యాంకు ఖాళీ అవుతుంది. నగరంలో చాలాచోట్ల జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి సంపు నిండిన రోజు మోటారు వేసే మనిషి లేకపోతే మర్నాడంతా కటకటే. పిల్లలు తెచ్చిన రెండు పూటల లెక్క చూస్తే లోపం నల్లాలో ఉందా, ట్యాంకులోనా, మోటారు వేసే మనిషి లేకపోవడంలోనా అన్నది తేలిపోతుంది. ఈ మూడింటికీ పరిష్కారాలు వేరు. మరుగుదొడ్లకు మూడే ప్రశ్నలు: గొళ్లెం పడుతోందా, నీళ్లొస్తున్నాయా, బల్బు వెలుగుతోందా. విద్యాహక్కు చట్టం ఆడపిల్లలకు, మగపిల్లలకు విడివిడిగా మరుగుదొడ్లు ఉండాలంటుంది. గోడ మీద బొమ్మ ఉండి తాళం వేసి ఉన్న దాన్ని పిల్లలు లేనట్టే లెక్కపెడతారు, అదే సరైన లెక్క.

బ్యాగు బరువు ప్రైవేటు బడులకు మంచి విషయం. పక్కనున్న కిరాణా కొట్టు కాటా సరిపోతుంది. తెలంగాణలో 2017 ఉత్తర్వు ప్రకారం ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, మూడు నుంచి ఐదుకు రెండు మూడు కిలోలు దాటకూడదు. 2020 జాతీయ విధానం పిల్లల బరువులో పదోవంతు అంటుంది, అంటే 25 కిలోల పిల్లవాడికి రెండున్నర కిలోలు. తూచేటప్పుడు పుస్తకాలు వేరుగా, టిఫిను డబ్బా, నీళ్ల సీసా వేరుగా తూచండి. లీటరు సీసా అంటేనే ఒక కిలో. బడిలో తాగదగ్గ నీళ్లుంటే ఆ కిలో వీపు మీద నుంచి దిగిపోతుంది. ఈ ముక్క పిల్లలకు పట్టుబడితే వాళ్ల వాదనను కొట్టేయడం ఎవరి తరమూ కాదు.

మధ్యాహ్న భోజనం దగ్గర జాగ్రత్త కావాలి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని కేంద్రం నిబంధన. ఇవన్నీ పచ్చి సరుకు కొలతలు. వండాక పిల్లలు కొలవలేరు, 'పప్పు నీళ్లగా ఉంది' అన్న మాట అభిప్రాయంగానే మిగులుతుంది. గుడ్డును మాత్రం లెక్కపెట్టొచ్చు. రాష్ట్రంలో వారానికి మూడు గుడ్లు పెట్టాలి కాబట్టి, క్యాలెండరులో గుడ్డు వచ్చిన రోజు గుండ్రంగా బొమ్మ వేయించండి. నెల తిరిగేసరికి ఆ కాగితమే సాక్ష్యం. అయితే 'వంట చేసే అమ్మ గుడ్డు పెట్టట్లేదు' అని పిల్లలతో అనిపించొద్దు. మార్కెట్లో గుడ్డు ధర పెరిగినప్పుడు, బిల్లులు ఆలస్యమైనప్పుడు అప్పు చేసి వండేది ఆ తల్లులే. బిల్లు ఎందుకు ఆలస్యమైందన్నదే ఎమ్మెల్యే అడగాల్సిన ప్రశ్న.

టీచర్ల లెక్క కూడా పిల్లలు చెప్పగలరు. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు టీచర్లు ఉండాలని చట్టం. 'మేం 84 మందిమి, ఇద్దరు టీచర్లు' అంటే ఎమ్మెల్యేకు ఇంకేం వివరించక్కర్లేదు.

మూడో పీరియడు మాట కూర్చడానికి. ఒక్కొక్కరికీ మూడు వాక్యాలు: మా దగ్గర ఉన్నది ఇంత, దానివల్ల మాకయ్యేది ఇది, మాకు కావాల్సింది ఇది. 'సార్, మా బళ్ల 212 మందిమి ఉన్నం, నల్లాలు నాలుగు. అన్నం తిన్నంక రెండిట్ల నీళ్లు రావు, బెల్లు కొట్టినా లైన్లనే ఉంటం. ఇంకో ట్యాంకు కావాలె.' ఇంతే. యాసను దిద్దొద్దు, పుస్తక భాషలోకి మార్చొద్దు. పాతబస్తీలో పిల్లలు ఉర్దూలో చెప్పనివ్వండి. పని కోసం బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్ల పిల్లలు హిందీలో చెప్పనివ్వండి. భాష మార్చమంటే వాళ్లు మొత్తానికే మాట మానేస్తారు. రాసిచ్చిన కాగితం చేతిలో ఉండకూడదు, తాము గీసిన చార్టు పక్కన నిలబడి చూపిస్తూ చెప్పాలి. చార్టు మీద అంకె ఉంటుంది కాబట్టి మరిచిపోతామన్న భయం ఉండదు. బట్టీ పట్టిన పిల్లను ఎమ్మెల్యే ఎదురు ప్రశ్న వేస్తే తెల్లముఖం వేస్తుంది. తాను లెక్కపెట్టిన పిల్ల మాత్రం టక్కున చెబుతుంది. అందరికన్నా మెల్లగా మాట్లాడే పిల్లల్ని ముందు నిలబెట్టండి, చలాకీవాళ్లు ముందుంటే వాళ్లకు వంతే రాదు.

ఆ రోజు ఎమ్మెల్యేకు కూడా చిన్న కుర్చీయే వేయండి, పిల్లల ఎత్తులో. వేదిక, శాలువా, జ్యోతి ప్రజ్వలన వద్దు. వాటికే పావుగంట పోతుంది. అనుచరుల్ని వరండాలో ఉంచమని పీఏకు ముందే చెప్పాలి, ఇద్దరికి మించి లోపలికి వస్తే పిల్లలు బిగుసుకుపోతారు. పిల్లలకు 20 నిమిషాలు, ఎమ్మెల్యే జవాబుకు 10, ముందుగా గదులు తిరిగి చూడడానికి 10. ఆ తిరగడం కూడా పిల్లలే చూపించాలి. నీళ్లు రాని నల్లాను ఆయన తన చేత్తో తిప్పితే దాని బలం వేరు.

ఎమ్మెల్యే చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది కూడా పిల్లలకు ముందే చెప్పాలి, లేకపోతే అడగకూడనిది అడిగి నిరాశ పడతారు. గేటు ముందు స్పీడ్ బ్రేకరు, చెత్త, కుక్కలు నగరపాలక సంస్థ పని, జీహెచ్ఎంసీ అయితే 040-21111111కు ఫోను చేయొచ్చు. నీళ్ల లైనుకు జలమండలి 155313, కరెంటుకు 1912. విరిగిన గొళ్లెం, మాడిన బల్బు బడి గ్రాంటుతోనే కావాలి. కేంద్ర విద్యా పథకం సమగ్ర శిక్షా కింద 31 నుంచి 100 మంది ఉన్న బడికి ఏడాదికి 25 వేలు, 101 నుంచి 250 దాకా 50 వేలు ఇవ్వాలని లెక్క, అందులో కనీసం పదో వంతు శుభ్రతకు. ఆ గ్రాంటు రాకపోతే అప్పుడది ఎమ్మెల్యే అడగాల్సిన సంగతి. అదనపు గది, ప్రహరీ గోడ, ట్యాంకు లాంటివి నియోజకవర్గ అభివృద్ధి నిధి నుంచి ఇవ్వొచ్చు. 2021లో దాన్ని ఒక్కొక్కరికి ఏడాదికి 5 కోట్లకు పెంచారు. టీచర్ల ఖాళీలు, గుడ్డు బిల్లులు, పుస్తకాల ఆలస్యం సభలో లేవనెత్తాల్సినవి.

అన్నిటికంటే మేం గట్టిగా పట్టుబట్టేది పిల్లల భద్రత మీద. ఈ సమావేశంలో వస్తువుల గురించి, లోటుల గురించి మాట్లాడాలి, మనుషుల గురించి కాదు. 'ఫలానా సార్ కొడతాడు' అన్న మాట నలుగురిలో బయటికొస్తే మర్నాటి నుంచి ఆ పిల్లవాడి పరిస్థితి ఏమిటి? అందుకే తయారీ పీరియడ్లలోనే ఆ మాట వినపడే వీలు కల్పించాలి, విన్నవాళ్లు దాన్ని పిల్లవాడి పేరు బయటికి రాకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కో బాలల హక్కుల కమిషన్‌కో చేర్చాలి. బడిలో కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం, దానికి వేరే దారి ఉంది. ఫొటోల విషయంలో తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోండి. ఎమ్మెల్యే మనుషులు తీసే వీడియోలు నిమిషాల్లో స్టేటస్‌లకు ఎక్కుతాయి కాబట్టి, చార్టులను తీయండి, ముఖాలు వద్దు అని పీఏతో ముందే ఒప్పందం చేసుకోవాలి. పిల్లల పేరు, తరగతి, బడి, ముఖం నాలుగూ ఒకేచోట కనపడకూడదు. మాట్లాడనని చెప్పిన పిల్లను బతిమాలొద్దు.

చాలా బడుల్లో ఈ పని కుంటుపడేది ఎమ్మెల్యే వెళ్లిపోయాకే. 'చూస్తాను' అన్న మాటకు తేదీ ఉండదు. అందుకని వెళ్లేముందే ఆయన చేత చార్టు కింద 'ఏం చేస్తాను, ఎప్పటిలోగా' అన్న రెండు గడులు నింపించి సంతకం పెట్టించండి. ఆయన నింపని గడి ఉంటే ఖాళీగానే ఉంచండి, దాన్ని పిల్లలు గమనిస్తారు. వారంలోపు పిల్లలు ఒక పేజీ ఉత్తరం రాయాలి, పైన బడి యూడైస్ కోడ్, అంటే ప్రతి బడికీ సర్కారు ఇచ్చే గుర్తింపు నంబరు, వేయాలి. తెలంగాణ బడులకు అది 36తో మొదలయ్యే 11 అంకెలు, దాంతో ఏ ఆఫీసులోనైనా ఏ బడి అన్న గందరగోళం ఉండదు. అదే ఉత్తరం నకలు ప్రజావాణిలో పెద్దవాళ్లు ఇచ్చి నంబరు తెచ్చుకోవాలి. కదలిక లేకపోతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు, దాన్ని మూడు నెలల్లో తేల్చాలి. అక్కడా తేలకపోతే బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు.

ఇందుకు ఒక నోటు పుస్తకం పెట్టండి: ఎప్పుడు అడిగాం, ఎవరు ఏమన్నారు, ఏ నంబరు వచ్చింది, నల్లాలో నీళ్లొచ్చిన రోజు ఏది. ఏప్రిల్‌లో ఐదో తరగతి పిల్లలు బడి వదిలి వెళ్తారు, ప్రశ్న కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది. అందుకని బృందంలో సగం మంది మొదటి నుంచీ నాలుగో తరగతివాళ్లే ఉండాలి, పుస్తకం వాళ్ల దగ్గరే ఉండాలి. జూన్‌లో బడి తెరిచాక మొదటి వారంలోనే వాళ్లు మళ్లీ పదింటికి ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి నల్లాలు తిప్పి చూసి, కొత్త అంకెను పాత అంకె పక్కన రాసి పంపాలి.